ఇరుకు జోళ్ళ పాట

పియానో ముందు కూర్చుంటే వాల్సిన్ రొషోన్ భారీ మనిషిలా కనిపించేవాడు. లేచి నిలబడితే పొట్టి. ఆ సంగతి తనకూ తెలుసు కాబోలు, విందుల్లో జనమంతా వెళ్ళిపోయేదాకా లేచేవాడు కాదు. పగలు గోడలకు గచ్చు పూసేవాడు, సాయంత్రం చేతులు నిమ్మకాయతో తోముకుని వాయించడానికి వెళ్ళేవాడు. న్యూ ఓర్లీన్స్ ఏడో వార్డులో ఫ్రెంచి మాట్లాడే మా నల్లవాళ్ళ బతుకే అంత. చుట్టలు చుట్టేవాడు క్లారినెట్ ఊదుతాడు, ఇళ్ళకు పైకప్పులు వేసేవాడు డ్రమ్ము కొడతాడు. సంగీతం ఒక్కదాన్నే నమ్ముకున్నవాడికి మాలో పిల్లనివ్వరు.

కుర్రతనంలో కొన్నేళ్ళు ఎర్రదీపాల వీధిలో, సానికొంపల్లో వాయించాడు. అక్కడ పియానో వాయించేవాణ్ణి ప్రొఫెసర్ అనేవారు. వాల్సిన్ తల్లి ఆ పిలుపు విని, కొడుకు రాత్రిబడిలో పాఠాలు చెబుతున్నాడని నమ్మింది. ఆ నమ్మకంతోనే కన్ను మూసింది కూడా. ఆవిడ నమ్మకాన్ని చెడగొట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ వీధి మూతపడ్డా పిలుపు మాత్రం మిగిలింది. చర్చికి వెళ్ళినా ప్రొఫెసరే, సున్నం బస్తా మోసినా ప్రొఫెసరే.

భార్య యులాలీ కార్నివాల్ గౌన్లు కుట్టేది. మాట తక్కువ మనిషి, చెవి మాత్రం మహా చురుకు. మొగుడు వాయిస్తుండగా ఒక్క స్వరం జారినా ఆమె సూది ఆగిపోయేది. సూది ఆగితే చాలు, వాల్సిన్ గతుక్కుమని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవాడు.

పెళ్ళయిన చాలాకాలానికి వాళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టింది. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు సెలెస్త్. ఆ పేరుతో పిలిచింది ఫాదరీ ఒక్కడే. ఇంట్లోనూ బయటా అందరికీ తీ-షూ. మా ఫ్రెంచిలో చిట్టి క్యాబేజీ అని దాని అర్థం. బొద్దుగా ముద్దొచ్చే పిల్లల్ని అలాగే పిలుస్తాం. ఈ తీ-షూని మూల కొట్టుకు ఉప్పుకని పంపితే పొయ్యి మీద కూర అడుగంటాల్సిందే. దారిలో ప్రతి మెట్టు దగ్గరా ఆగుతుంది, ప్రతి ముసలమ్మనూ పలకరిస్తుంది, ప్రతి కుక్క పేరూ కనుక్కుంటుంది. జ్ఞానస్నానంలో పిల్లను పట్టుకున్న జ్ఞానతండ్రి ఎవారిస్త్, వాల్సిన్‌కు చిన్నప్పటి స్నేహితుడు, వీధి బ్యాండులో కార్నెట్ ఊదే మనిషి.

"ఈ పిల్ల నడక చూస్తుంటే రేపు పెళ్ళికి కూడా పెళ్ళికొడుకు ముసలాడయ్యాకే చేరుకుంటుంది" అనేవాడు ఎవారిస్త్.

పెళ్ళిదాకా రాలేదు. పందొమ్మిది వందల పద్దెనిమిది శరదృతువులో ఆ మాయదారి జ్వరం ఊరిమీద పడ్డప్పుడు తీ-షూ రెండో తరగతిలో ఉంది. ఊపిరి ఆడక పోయింది. చివరి పూట ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ప్రతి ఎడంలోనూ తల్లీ తండ్రీ ఊపిరి బిగబట్టి చూశారు. మళ్ళీ ఊపిరి తీసేది, వీళ్ళూ తీసేవారు. ఒకసారి తీయలేదు.

అప్పటికి చర్చిలు మూసేశారు. పదిమంది ఒకచోట చేరకూడదని, శవాల వెంట బ్యాండు పోకూడదని ఊరంతా కట్టడి. ఎవారిస్త్ మాత్రం కార్నెట్ తెచ్చుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మూలన కాపలా ఉన్న పోలీసు దాన్ని చూసి, ఊదితే లోపల వేస్తానన్నాడు. బిడ్డను బండిలో పెట్టి, గుర్రం గిట్టల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేకుండా తీసుకుపోయారు. మా ఊళ్ళో తాగుబోతు చచ్చినా, దొంగ చచ్చినా పాటతోనే సాగనంపుతాం. ఊళ్ళో ఉన్న ప్రతి పనికిమాలినవాడికీ వాయించిన తండ్రి, తన బిడ్డకు ఒక్క స్వరం వాయించలేకపోయాడు. ఆ బాధ వాల్సిన్‌ను లోపల్నుంచి తినేసింది.

ఆ చలికాలమంతా అతను ఇంటి పియానో దగ్గరే కూర్చుని ఒక పాట కట్టాడు. అప్పుడు వాయించలేకపోయిన సాగనంపు పాట అది. మొదట పిల్ల మెట్లు దిగి వీధిలోకి వస్తుంది. తరువాత ఇంటింటి దగ్గరా ఆగుతుంది, తిరిగి ఇంటికి వస్తుంది, తల్లి కేక విని కూడా గుమ్మం దగ్గర తాత్సారం చేస్తుంది. ఆఖరి భాగంలో ఊపిరి ఎడం అవుతుంది. ఆ ఎడాల దగ్గర పియానో ఆగిపోయేది. ఎంతగా ఆగేదంటే, వింటున్నవాళ్ళకు పాట అయిపోయిందేమోననిపించేది. అప్పుడు ఒక్క స్వరం పలికేది.

ఆ పాటకు కాగితం లేదు. ఆదివారం పూజ నుంచి వచ్చాక ఒక్కసారి వాయించేవాడు, యులాలీ ఒక్కతే వినేది. ఆ పాట దగ్గరే ఆమెకు ఏడుపు వచ్చేది, మిగతా వారమంతా కళ్ళు పొడిగా ఉండేవి. దాని పేరు కూడా తీ-షూయే.

ఇలా ఆరేళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం ఉత్తరాది నుంచి రికార్డుల కంపెనీవాళ్ళు దిగారు. ఖాళీగా పడున్న బల్లల దుకాణంలో యంత్రం పెట్టి, నల్లవాళ్ళ కోసం వేసే రికార్డులకని బ్యాండులను పిలిపించారు. ఎవారిస్త్ బ్యాండుకూ పిలుపు వచ్చింది, పియానోకు వాల్సిన్‌ను రమ్మన్నాడు. ముందురోజు సాయంత్రం వాల్సిన్ పెళ్ళాం దగ్గర కూర్చుని మాట కదిపాడు.

"బ్యాండు పని అయ్యాక నన్ను ఒక్కణ్ణీ ఏదైనా వాయించమంటారట. మన పాట వాయించనా?"

"బయటివాళ్ళకెందుకు అది?"

"బయటివాళ్ళకు కాదే. మనిద్దరం పోతే ఆ పాట కూడా పోతుంది కదా. రికార్డు పోదు. బిడ్డకు అప్పుడు లేని పాట, ఎప్పటికీ ఉంటుంది."

యులాలీ చేతిలో ఉన్న గౌను అంచు చివరిదాకా కుట్టింది. తరువాత దారం పళ్ళతో తెంపి అంది: "వాయిస్తే మొత్తం వాయించు. ఒక్క ముక్క వదిలినా నేను ఊరుకోను."

ఆ మాటే కొంప ముంచింది. ఆమె అన్నదీ తప్పు కాదు, అతను విన్నదీ తప్పు కాదు.

ఆ దుకాణంలో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. బయటి చప్పుడు లోపలికి రాకూడదట. పంకా కూడా ఆపేశారు. పియానోను పెట్టెల మీదికి ఎక్కించి, వెనక చెక్క ఊడదీసి, గోడలోంచి పొడుచుకొచ్చిన పెద్ద బూర మూతికి ఎదురుగా నిలబెట్టారు. వాల్సిన్ కాలితో తాళం వేస్తాడని, కంపెనీ మనిషి కాలి కింద ఒక దిండు కూడా పెట్టాడు. ముఖమంతా చెమటకాయలతో ఎర్రబడ్డ మనిషి, చెడ్డవాడేమీ కాదు. బ్యాండు పాటలయ్యాక, పాట చెక్కే మైనం పలకలు ఇంకా మిగిలున్నాయి, నీ సొంతంది ఏదైనా ఉందా ప్రొఫెసర్ అని అడిగాడు. వాల్సిన్ మొదలుపెట్టాడు. పిల్ల ఇంకా వీధిలోనే ఉంది, గుమ్మందాకా కూడా రాలేదు, పలక నిండిందని ఎదురుగా ఎర్ర దీపం వెలిగింది.

"మూడు నిమిషాలు దాటితే పలకలో చోటుండదు. సగం తీసెయ్" అన్నాడు కంపెనీ మనిషి.

"తీయడానికి లేదండి."

"అయితే తొందరగా వాయించు. చోటు సరిపోవాలి, అంతే. రెండింట్లో ఏదో ఒకటి తేల్చు, మైనం చల్లారిపోతోంది."

వాల్సిన్ దిండు మీద కాలు పెట్టుకుని ఆలోచించాడు. మెట్లు దిగడం తీసేయాలా? ముసలమ్మలను పలకరించడం తీసేయాలా? ఆఖరి ఊపిర్లా? ఏది కోసినా బిడ్డను కోసినట్టే. మొత్తం వాయించు అని యులాలీ చెప్పనే చెప్పింది. మొత్తం వాయించాలంటే ఒకటే దారి. తొందరగా వాయించాడు. ఒక్క ముక్క వదలకుండా, మెట్ల దగ్గర్నుంచి ఆఖరి ఊపిరిదాకా అంతా వాయించాడు. ఎర్ర దీపం వెలిగేసరికి పాట పూర్తయింది. గెలిచినట్టే అనిపించింది అతనికి.

"పేరు?" అన్నాడు కంపెనీ మనిషి, పెన్సిలు తీసి.

"తీ-షూ."

ఆయన రాసుకున్నాడు.

శీతాకాలంలో రికార్డు వచ్చింది. ఎవారిస్త్ దాన్ని చంకలో పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. "ఎవరి జోళ్ళు బిగుతుగా ఉన్నాయి ప్రొఫెసరూ?" అన్నాడు. లేబులు మీద బంగారు అక్షరాలతో 'టైట్ షూ స్టాంప్' అని ఉంది. ఉత్తరాది చెవికి తీ-షూ అలా వినబడింది. టైట్ షూ అంటే ఇరుకు జోడు, స్టాంప్ అంటే నేలను తన్నే హుషారు ఆటపాట. వాల్సిన్ కూడా ముందు నవ్వాడు. పేరుదేముంది, లోపల పాట ఉంది కదా అనుకుని గ్రామఫోను మీద పెట్టి ముల్లు దించాడు.

యులాలీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. రికార్డు అయిపోయింది. ముల్లు గీరుకుంటూ తిరుగుతోంది, ఎవరూ తీయలేదు.

"ఇదేమిటి?" అంది.

"పాట."

"ఏ పాట?"

"మన పాటే లాలీ. మొత్తం ఉంది. ఏమీ వదల్లేదు, కావాలంటే మళ్ళీ విను."

"విన్నాను. మొత్తం ఉంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

నిదానంగా వాయించినప్పుడు ఊపిరి ఆగిన చోట్లు, తొందరగా వాయించేసరికి ఒక తమాషా ఎగుడుదిగుడు అయ్యాయి. నడుస్తున్న మనిషి చటుక్కున తడబడి మళ్ళీ నిలదొక్కుకున్నట్టు ఉంటుంది. ఆ తడబాటే జనానికి నచ్చింది. వసంతకాలానికల్లా న్యూ ఓర్లీన్స్ నుంచి షికాగోదాకా ఇరుకు జోళ్ళ ఆట ఒకటి పుట్టింది. జంటలు గబగబా అడుగులేస్తూ పోతారు, తడబాటు రాగానే అబ్బా అని ఒక కాలు పట్టుకుని కుంటుతారు, గట్టిగా ఒకసారి నేలను తన్ని మళ్ళీ పరిగెడతారు. ముసలాళ్ళు కూడా కుంటుతారు. పెళ్ళిళ్ళలో కుంటుతారు. రేవులో మూటలు మోసేవాళ్ళు ఈల వేసుకుంటూ కుంటుతారు.

మా వీధిలో సోమవారం ఉతుకుల రోజు, ఎర్ర చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టి పెరట్లో బట్టలు ఉతుక్కుంటాం. పక్కింటి ఫెలీస్ కొత్త గ్రామఫోను కిటికీలో పెట్టి కంచె మీదనుంచి కేకేసింది.

"యులాలీ! మీ ఆయన పాటేనే! చేతిలోది వదిలేసి కాస్త కాళ్ళు ఆడించు, నీ సొమ్మేం పోదు!"

యులాలీ బట్టలు ఉతుకుతూనే ఉంది. ఫెలీస్ నడుమున చెయ్యి పెట్టుకుని కుంటింది, నేలను తన్నింది, పగలబడి నవ్వింది. పాపం, ఫెలీస్ మంచిదే. తీ-షూకి ఎన్నిసార్లు బెల్లం ముక్క పెట్టిందో లెక్కలేదు. ఆ పాట దేని గురించో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం వాల్సిన్ పని నుంచి రాగానే యులాలీ అడిగింది: "వాళ్ళు ఎక్కడ కుంటుతున్నారో చూశావా?"

వాల్సిన్ వంగి బూట్లకు అంటిన గచ్చు గీక్కున్నాడు.

"చూశావా లేదా అంటున్నా. దానికి ఊపిరి అందని చోట కుంటుతున్నారు. అక్కడే నవ్వుతున్నారు. నేనూ నువ్వూ ఆ మంచం పక్కన చచ్చి బతికిన చోట ఊరంతా చిందులేస్తోంది."

"నిదానంగా మళ్ళీ రికార్డు చేస్తాను లాలీ. ఒట్టు."

ఆ ఒట్టు కోసమే అతను తిరిగాడు, కాదనను. సరస్సు ఒడ్డు విందులో ఒక ఆదివారం ధైర్యం చేసి నిదానంగా మొదలుపెట్టాడు. "ఎవడు పోయాడు ప్రొఫెసరూ?" అని అరిచారు. "జోళ్ళు విప్పేసుకున్నావా ఏంటి?" అని ఇంకొకడు. అందరూ నవ్వారు. చేతులు వాటంతటవే తొందరపడ్డాయి, జనం చప్పట్లు కొట్టారు. ఆ తరువాత రైల్లో నల్లవాళ్ళ పెట్టెలో, ఇంజను మసి మింగుతూ షికాగో వెళ్ళాడు. అప్పటికి బూరలు పోయి మైకులు వచ్చాయి. అక్కడి కంపెనీవాళ్ళు నిదానం పాట కొంచెం విని, ఇది ఎవరికి అమ్ముతామని అడిగారు. మీకు పేరు తెచ్చింది జోళ్ళు కదా, జోళ్ళ మీదే ఇంకేదైనా ఉంటే వాయించమన్నారు. అంతదూరం వెళ్ళి ఉత్త చేతులతో రాలేక వాయించాడు. 'కొత్త జోడు', 'తడిసిన జోడు', 'ఒంటి జోడు' అని మూడు రికార్డులు వచ్చాయి. మూడింట్లోనూ ఆ తడబాటు ఉంది. వాటిని అతను ఇంటికి తేలేదు.

తరువాత రోజులు పాడయ్యాయి. రికార్డులు కొనేవాళ్ళు లేరు, కంపెనీలు మూతపడ్డాయి, వాల్సిన్ మళ్ళీ గోడల దగ్గరికి వచ్చాడు. ఇంట్లో పియానో మూత దించే ఉంది. మొగుడూ పెళ్ళాల మధ్య ఉప్పూ పప్పూ మాటలు తప్ప ఇంకేమీ లేవు. ఆదివారం పూజ నుంచి వచ్చి, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చునేవారు.

ఒక సకల పునీతుల పండగనాడు ఇద్దరూ సమాధుల తోటకు వెళ్ళారు. పోయినవాళ్ళ సమాధులు శుభ్రం చేసుకుంటూ ఆ రోజున ఊరంతా అక్కడే ఉంటుంది. వాల్సిన్ సమాధికి వెల్ల వేశాడు, యులాలీ చామంతులు పెట్టింది. ఇంటికి వచ్చి టోపీ కూడా తీయకుండా ఆమె పియానో మూత ఎత్తింది.

"ఒక్కసారి వాయించు. ముందు వాయించినట్టు."

వాల్సిన్‌కు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు అడిగింది. కూర్చుని మొదలుపెట్టాడు. పిల్ల మెట్లు దిగింది, దిగీ దిగగానే పరిగెత్తింది. ఆపి మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి వీధిదాకా బాగానే ఉంది, ముసలమ్మల దగ్గర ఎడమచెయ్యి తడబాటును తెచ్చి పెట్టింది. ఇంకోసారి మొదలుపెట్టాడు. ఊపిరి భాగం దగ్గర ఎంతసేపు ఆగాలో గుర్తు లేదు. ఆగాడు, ఆగిన చోట కాలు దానంతటది నేలను తన్నింది.

చేతులు ఒళ్ళో పెట్టుకుని భోరుమన్నాడు. "రావడం లేదు లాలీ. ఎక్కడికి పోయిందో. అది నా దగ్గర లేదు."

యులాలీ తిట్టలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "నా దగ్గరుంది" అని నోరు మూసుకుని గొంతులోనే పాట తీసింది. నిదానంగా, ప్రతి మెట్టూ, ప్రతి గుమ్మం. ఊపిరి భాగంలో ఆమె ఎంతసేపు ఆగిందంటే, వాల్సిన్‌కు మళ్ళీ ఆ మంచం పక్కన ఉన్నట్టే అయింది.

అప్పటినుంచి ఆదివారాలు ఆమె పాడేది, అతను వెనకాలే పట్టుకుని నడిచేవాడు. ఆమె పాడుతుంటే వచ్చేది, ఆమె ఆపితే చేతులు పరుగు తీసేవి. ఇద్దరి మధ్యా మాటలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ కొన్నేళ్ళే వాళ్ళకు సుఖంగా గడిచాయనుకుంటాను.

ముప్పై ఆరులో యులాలీ కాళ్ళు వాచాయి, తరువాత పొట్ట వాచింది. పడుకుంటే ఆయాసం. తను లేవనని ఆమెకే ముందు తెలిసింది. ఎవారిస్త్‌ను కార్నెట్ తీసుకుని రమ్మని కబురు పెట్టింది.

"నన్ను తీసుకెళ్ళేటప్పుడు దారిలో ఆ పాట ఊదాలి. టైట్ షూ కాదు, తీ-షూ. నన్నూ దాన్నీ ఒకే సమాధిలో పెడతారు కదా, దానికి బాకీ పడిపోయిన పాట నాతోపాటు తీసుకెళ్తాను."

"నాకు రికార్డులోదే వచ్చు మదాం" అన్నాడు ఎవారిస్త్, టోపీ నలుపుకుంటూ.

"నేను నేర్పుతా. కూర్చో. ఆ కార్నెట్‌కు గుడ్డ అడ్డంపెట్టి ఊదు, ఫెలీస్ విందంటే కుంటుకుంటూ వస్తుంది."

మంచంలో దిళ్ళకు ఆనుకుని ఆమె పాడింది, ఎవారిస్త్ ఊదాడు. వాల్సిన్ గుమ్మంలో నిలబడి విన్నాడు.

"అక్కడ ఆగు. ఆగమంటే ఆగవేం?"

"ఆగాను మదాం!"

"నువ్వు ఆగింది ఉమ్ము మింగడానికి. ఇంకా ఆగాలి."

"ఎంతసేపు?"

"నీకు భయమేసేదాకా."

ఎవారిస్త్ కార్నెట్ దించి ఆమె వంక చూశాడు. పిల్ల గేటు దాటి బండి ఎక్కిన రోజు అతనికీ గుర్తుంది. మళ్ళీ పెదవులకు పెట్టుకున్నాడు, ఈసారి సరిగ్గా ఆగాడు. యులాలీ కళ్ళు మూసుకుని తల ఊపింది. ఆ వారమంతా అతను వచ్చాడు, నేర్చుకున్నది వెళ్ళి తన బ్యాండుకు నేర్పాడు. వానలు ముగిసేలోపే యులాలీ పోయింది.

శవం ఇంట్లోంచి బయలుదేరేసరికి వీధి నిండా జనం. టైట్ షూ కట్టిన ప్రొఫెసర్ భార్య అంటే మాటలా, పక్క వార్డులనుంచి కూడా వచ్చారు. చావుఖర్చులకని యులాలీ చందా కట్టిన సంఘం ఆడవాళ్ళు తెల్లబట్టల్లో ముందు నడిచారు. పెట్టె వెనకాల వాల్సిన్, అతని వెనకాల బ్యాండు, రెండు పక్కలా పేవ్‌మెంట్ల మీద జనం. ముందు చర్చి పాటలు ఊదారు. మూల తిరిగాక ఎవారిస్త్ చెయ్యెత్తి సైగ చేశాడు, చప్పుడు అణిగేలా డ్రమ్ము మీద గుడ్డ కప్పారు, పాట మొదలైంది.

వాల్సిన్ పెట్టె వంకే చూస్తూ నడిచాడు. పిల్ల మెట్లు దిగింది. బ్యాండు గొంతులో, వీధిలో, పట్టపగలు, మొదటిసారి. ఎవారిస్త్ బుగ్గలమీద నీళ్ళు కారుతున్నాయి, కానీ స్వరం చెదరలేదు. ముసలమ్మల పలకరింపులు అయ్యాయి. గుమ్మం దగ్గర తాత్సారం అయింది. ఊపిరి భాగం వచ్చింది. కార్నెట్ ఆగింది, బ్యాండు ఆగింది.

ఆ నిశ్శబ్దంలో పేవ్‌మెంటు మీద ఎవడో గుర్తుపట్టాడు. "ఒరే, టైట్ షూ రా!" అన్నాడు. ఒక కాలు నేలను తన్నిన చప్పుడు వినిపించింది.

తరువాతి విరామానికి పదిమంది తన్నారు. ఆ తరువాతిదానికి రెండు పేవ్‌మెంట్లూ తన్నాయి. ఎక్కడ ఆగుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు కదా, పదేళ్ళుగా అక్కడే కుంటుతున్నారు. ఎగతాళికి చేయలేదు ఎవరూ. ప్రొఫెసర్ పాట ప్రొఫెసర్ భార్యకు వాయిస్తున్నారు, మనం కూడా ఒక కాలు వేద్దామని మర్యాద చేశారు. చాలామంది ఏడుస్తూనే కుంటారు. ఊపిరికీ ఊపిరికీ మధ్య చోటు లేకుండా పోయింది. డ్రమ్ము కుర్రాడు ఆ తన్నుల వెంట పడ్డాడు, ట్రాంబోన్ డ్రమ్ము వెంట పడింది, పాట పరుగెత్తింది.

ఎవారిస్త్ వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశాడు. ప్రయోజనం లేదు. వాల్సిన్ పెట్టె వదిలి వెనక్కి వచ్చి, కొడుతున్న డ్రమ్ము మీద రెండు అరచేతులూ ఆనించాడు. పాట ఆగిపోయింది. జనం ఏం తప్పు జరిగిందో తెలియక ముఖాలు చూసుకున్నారు.

"మళ్ళీ మొదలుపెడతాను ప్రొఫెసరూ, మొదటినుంచి. వాళ్ళకు నేను సర్దిచెబుతా" అన్నాడు ఎవారిస్త్ గొంతు దించి.

"వద్దు."

"ఆవిడకు మాటిచ్చానయ్యా!"

"నేనూ ఇచ్చాను. వద్దు. ఇంకేమీ ఊదకు."

మిగిలిన దారంతా చప్పుడు లేకుండా నడిచారు. బూట్ల చప్పుడు, బండి చక్రాల చప్పుడు, అంతే. పద్దెనిమిదేళ్ళ కిందట బిడ్డ వెళ్ళినట్టే తల్లీ వెళ్ళింది.

నేల మీద ఇటుకలతో కట్టిన సమాధి గూడు తెరిచి, వెనకవైపుకు జరిపిన బిడ్డ చిన్న ఎముకల ముందు యులాలీని పెట్టారు. ఫాదరీ ప్రార్థన అయ్యాక ఎవారిస్త్ వచ్చి నిలబడ్డాడు. తిరుగుదారిలో హుషారు పాట వాయించాలి, అది ఆచారం. గేటు బయట జనం ఎదురుచూస్తున్నారు. వాళ్ళు ఏ పాట అడుగుతున్నారో ఎవారిస్త్ చెప్పలేదు.

"వాయించండి. అది వాళ్ళదే. నాది ఎప్పుడో పోయింది" అన్నాడు వాల్సిన్.

బ్యాండు వెళ్ళిపోయింది. గేటు దాటగానే డ్రమ్ము మీద గుడ్డ తీసేశారు, టైట్ షూ ఎత్తుకున్నారు. వాల్సిన్ వాళ్ళతో వెళ్ళలేదు. గూడు మూతికి ఇటుకలు పేరుస్తున్న మేస్త్రీ దగ్గర తాపీ అడిగి పుచ్చుకున్నాడు. గచ్చు పని అతనిది, ఇంకెవరో పూయడమేమిటి? పూస్తూ, బ్యాండు చప్పుడు దూరమయ్యేదాకా ఆగాడు. తోటలో మేస్త్రీ తప్ప ఇంకెవరూ లేరు. ఇప్పుడైనా వాళ్ళిద్దరికీ వినిపించేలా నిదానంగా పాడదామని, యులాలీ పాడినట్టే నోరు మూసుకుని గొంతులోనే పాట తీశాడు.

పిల్ల మెట్లు దిగింది. దిగి పరుగెత్తింది. ఆపాడు. యులాలీ ఎలా పట్టుకునేదో తలుచుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ పరుగే. ముందు పాడేవాళ్ళు లేకుండా అతనికి ఆ దారి తెలియదు. ఇంకోసారి ప్రయత్నిస్తుంటే చేతిలో తాపీ గోడ మీద గబగబా గీసి, ఒక్క క్షణం ఆగి, టక్కున కొట్టింది. మళ్ళీ గబగబా గీసి టక్కున కొట్టింది.

వాల్సిన్ దాని వంక చూసి తాపీ మేస్త్రీకి తిరిగిచ్చేశాడు.

"మిగతాది నువ్వు పుయ్యి నాయనా. నా చెయ్యి తొందరపడుతోంది."